సోమవారపు భక్తి



కోతలు ముగిసి ధాన్యము ఇంటికి చేరిన తరువాత మన గ్రామములలో ఉజ్జీవ కూటముల కాలము వచ్చును. గోడలమీద కాగితములు అతికింపబడును. పందిళ్లు లేచును. మైకులు మ్రోగును. మూడు రాత్రులు ప్రసంగములు జరుగును. జనులు కన్నీరు కార్చెదరు, చేతులెత్తెదరు, ముందుకు వచ్చి మోకరించెదరు. ఆదివారము రాత్రి కడపటి ఆశీర్వాదము పలుకబడును. మరునాడు ఉదయము పందిరి విప్పివేయుదురు. ఆ మరునాటిని గూర్చియే నేను వ్రాయుచున్నాను.

సోమవారము తెల్లవారినప్పుడు, ముందు రాత్రి కన్నీటితో ముందుకు వచ్చిన సహోదరుని యింట ప్రార్థన వినబడుచున్నదా? ఆ యింటి బైబిలు గూటిలోనుండి క్రిందికి దిగినదా? సాయంకాలము అతడు కూలి డబ్బుతో తిన్నగా ఇంటికి వచ్చినాడా, లేక దారిలో బెల్టు షాపు యొద్ద ఆగినాడా? అతని భార్య ఆ రాత్రి భయము లేకుండ నిద్రించినదా? పొరుగువానితో పొలము గట్టు తగవు తీరినదా? ఈ సంగతులు మన కూటముల నివేదికలలో ఎక్కడను కనబడవు. ఎందరు వచ్చిరి, ఎందరు చేతులెత్తిరి, కానుక ఎంత పడెను అని మాత్రమే వ్రాయుచున్నాము. పరలోకమందు వ్రాయబడు లెక్క వేరొక విధముగా ఉండునని నేను నమ్ముచున్నాను.

పాతికేండ్లకు పైగా పల్లె సంఘములలో కాపరిగా ఉన్నవాడనై ఈ మాట చెప్పుచున్నాను. ఇది కొందరికి కటువుగా తోచవచ్చును. మనము ఉజ్జీవమును పండుగగా చేసికొన్నాము; శిష్యత్వమును ప్రక్కకు పెట్టినాము. నేడు మన సంఘములకు కొరతగా ఉన్నది కూటములు కావు, ప్రసంగీకులు కారు, పాటలు కావు. తన నోటిని, తన చేతిని, తన కడుపును, తన సమయమును దేవుని యెదుట దినదినము అదుపులో ఉంచుకొను విశ్వాసియే కొరత.

కూటములను నేను త్రోసివేయుట లేదు. వాటియందు దేవుడు అనేకులను మేల్కొల్పినాడు. కాని వాన ఒకటి, చెరువు కట్ట ఒకటి. ఎంత గొప్ప వాన కురిసినను, కట్ట తెగియున్న చెరువులో నీరు నిలువదు. తెల్లవారునప్పటికి అడుగున బురద మాత్రము మిగులును. అప్పుడు రైతు ఆకాశమును నిందింపడు. పార, తట్ట తీసికొని కట్ట మీదికి పోవును. మనమైతే ప్రతి సంవత్సరము మరికొంత వాన కావలెనని అడుగుచున్నాము గాని కట్ట ముట్టుకొనుట లేదు. ఆత్మీయ జీవితమునకు ఆ కట్ట ఆశానిగ్రహమే, అనగా తన్ను తాను ఏలుకొను అలవాటు.

కృప క్రమమునకు శత్రువా?

ఈ మాట చెప్పగానే కొందరు లేచి, "అయ్యగారూ, మేము కృపచేత రక్షింపబడితిమి. క్రమములు, నియమములు, వేళకు ప్రార్థన, ఉపవాసము, ఇవన్నియు ధర్మశాస్త్రము. మీరు మమ్ములను మరల కాడి క్రిందికి తెచ్చుచున్నారు" అందురు. ఇది భక్తిగల మాటవలె వినబడును. అయినను ఇది సోమరితనము వేసికొన్న తెల్లబట్ట.

పౌలు తీతునకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమును తెరచి చూడుడి. రక్షణకరమైన కృప ప్రత్యక్షమైనదని చెప్పిన వెంటనే ఆ కృప ఏమి చేయుచున్నదో అపొస్తలుడు చెప్పుచున్నాడు. అది మనకు బోధించుచున్నది. భక్తిహీనతను విడిచి, స్వస్థబుద్ధితో బ్రదుకుటను నేర్పుచున్నది. అక్కడ వాడబడిన గ్రీకు మాట బిడ్డను పెంచి, దిద్ది, శిక్షణనిచ్చుటకు చెప్పు మాట. కాబట్టి కృప మనలను క్షమించి వీధిలో వదలివేయు దయగల బాటసారి కాదు. అది మనలను ఇంటికి తెచ్చి పెంచు తల్లి. బిడ్డకు వేళకు స్నానము చేయించి, వేళకు అన్నము పెట్టి, తప్పు చేసినప్పుడు చెవి మెలిపెట్టు తల్లిని చూచి, ఈమెకు ప్రేమ లేదు, ఇది ధర్మశాస్త్రము అని ఎవరైన అందురా?

గలతీయులకు వ్రాసిన పత్రికను చూడుడి. ధర్మశాస్త్ర క్రియలను అంత గట్టిగా ఖండించిన పత్రిక మరియొకటి లేదు. ఆ పత్రికయందే, ఐదవ అధ్యాయములో, ఆత్మ ఫలముల పట్టీ ప్రేమతో మొదలై ఆశానిగ్రహముతో ముగియుచున్నది. గ్రీకు భాషలో ఆ మాట ఎంక్రతేయ. బలము అను అర్థమిచ్చు క్రతోస్ అను మాటలోనుండి అది పుట్టినది. తనమీద తనకు పట్టు కలిగియుండుటయే దాని భావము. అది ఆత్మ ఫలమైనయెడల, దానిని కాదనువాడు ధర్మశాస్త్రమును గాక ఆత్మనే కాదనుచున్నాడు.

విశ్వాసము చేతనే నీతిమంతులుగా తీర్చబడుదుమని లోకమంతట చాటిన మార్టిన్ లూథరు ఏమి చేసెనో ఆలోచించుడి. సంఘములను దర్శించి, జనుల అజ్ఞానమును చూచి, ఆయన 1529లో చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును వ్రాసెను. ఇంటి యజమానుడు తన కుటుంబమునకు నేర్పవలెనని దానిని వ్రాసెను. ఉదయము లేచినప్పుడు, భోజనమునకు కూర్చున్నప్పుడు, రాత్రి పండుకొనునప్పుడు చేయవలసిన ప్రార్థనలను అందులో చేర్చెను. గుంటూరు, పల్నాటి సీమలలో ఎన్ని తరముల బిడ్డలు ఆ గ్రంథమును కంఠస్థము చేసిరో పెద్దలను అడుగుడి. కృపను అందరికంటె ఎక్కువగా ఎరిగినవాడే వేళకు ప్రార్థన నేర్పెను. ఆయనకంటె మనకు కృప ఎక్కువగా తెలిసినదా?

ఆత్మ కదలువరకు ఆగుదమా?

మరికొందరు వేరొక మాట చెప్పుదురు. "మనస్సు లేకుండ ప్రార్థించుట వేషధారణ. ఆత్మ కదలించినప్పుడు ప్రార్థించెదము. అలవాటు చొప్పున చేయు భక్తి చచ్చిన భక్తి" అందురు.

మన ప్రభువు జీవితము ఈ మాటకు జవాబు చెప్పుచున్నది. విశ్రాంతిదినమున ఆయన సమాజమందిరమునకు వెళ్లుట తన వాడుక చొప్పుననే అని లూకా నాలుగవ అధ్యాయమందు వ్రాయుచున్నాడు. అప్పగింపబడిన రాత్రి ఆయన ఒలీవల కొండకు వెళ్లినదియు వాడుక చొప్పుననే అని ఇరువది రెండవ అధ్యాయమందు వ్రాయుచున్నాడు. ఆయనను అప్పగించువానికి ఆయన ఎక్కడ దొరకునో తెలియుటకు కారణము ఆ వాడుకయే గదా! దైవకుమారునికే వాడుక ఉండగా, వాడుక భక్తి మాకు తగదని మనమెట్లు చెప్పగలము?

మార్కు మొదటి అధ్యాయమును మరింత శ్రద్ధతో చదువుడి. కపెర్నహూములో ఆ విశ్రాంతిదినము ఎట్టి దినము! సమాజమందిరములో బోధ, అపవిత్రాత్మను వెళ్లగొట్టుట, సీమోను అత్తకు స్వస్థత, ప్రొద్దు గ్రుంకిన తరువాత పట్టణమంతయు వాకిట కూడుట జరిగెను. మన లెక్కలో అంతకు మించిన ఉజ్జీవ కూటము లేదు. మరునాడు ప్రభువు ఏమి చేసెను? అలసి నిద్రించెనా? జన సంఖ్యను లెక్కించెనా? ఇంకను చీకటి ఉండగానే లేచి, ఒంటరి చోటికి పోయి ప్రార్థించెను. శిష్యులు వెదకుచు వచ్చి, జనులందరు నిన్ను అడుగుచున్నారని చెప్పినను, ఆయన ఆ జనసమ్మర్దము వెంట పోలేదు. సహోదరులారా, ఇదే సోమవారపు భక్తి. గొప్ప సాయంకాలము తరువాతి చీకటి వేకువలో మనుష్యుని భక్తి తెలియును.

మనస్సు లేకుండ చేయుట వేషధారణయా? ఆకలి లేని రోగికి గంజి పట్టు తల్లి వేషధారి కాదు. నిద్ర కన్నులతో లేచి గేదెకు గడ్డి వేయు రైతు వేషధారి కాదు. మనస్సు తరువాత వచ్చును. కొన్ని దినములు రానే రాకపోవచ్చును. అయినను గేదె ఆకలికి మన మనస్సుతో పనిలేదు. ఆత్మయు అట్టిదే. అరణ్యములో ఇశ్రాయేలీయులు ప్రతి ఉదయము మన్నా కూర్చుకొనవలసియుండెను. ఆజ్ఞ మీరి మరునాటికి దాచుకొన్నది పురుగు పట్టి కంపు కొట్టెను. మాఘమాసపు కూటములలో తిన్న మన్నాతో వచ్చే మాఘమువరకు బ్రదుకవలెనని చూచువారి యిండ్లలో ఆ కంపు నేడును తెలియుచున్నది.

మన పితరులు ఇట్లు పెరుగలేదు

కొందరు ఒంగోలును చూపి వాదింతురు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆత్మ ఒక్క దినములో చేయుదానిని మీ అలవాట్లు వంద సంవత్సరములకైన చేయగలవా అని అడుగుదురు. ఆ దినము మన తెలుగు క్రైస్తవ చరిత్రలో మహా దినమే. కాని ఆ దినమునకు ముందు ఏమి జరిగెనో వారు చెప్పరు.

క్లౌ దొర ఒంగోలులో స్థిరపడినది 1866లో. 1867 జనవరి 1వ తేదీన అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ, వారివంటి ఇతరులు ఏండ్ల తరబడి పల్లె పల్లెకు కాలినడకన తిరిగి వాక్యము విత్తిరి. క్రొత్తగా వచ్చినవారికి మూడు నియమములు మొదటనే చెప్పబడెను. ఆదివారము పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు. విగ్రహములను పూజింపరాదు. ఇవి చిన్న మాటలని తలంపకుడి. ఆదివారము పనికి రామన్నందుకు మన పితరులు ఆసాములచేత, కరణములచేత బాధలు పడిరి. జాతరలో డప్పు కొట్టమన్నందుకు దెబ్బలు తినిరి. అయినను పస్తులున్న యింటిలో మాంసమును ముట్టక, పస్తులతోనే పండుకొనిరి. పందిరిలో చేయి యెత్తుట ఒకటి; ఆకలిగొన్న కడుపుతో ఒక ముద్దను కాదనుట మరియొకటి.

1876 మొదలు 1878 వరకు మహా కరువు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించెను. మధ్యాహ్నము పని ఆగిన వేళ బోధకులు వారితో కూర్చుండి సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మము అడిగిరి. కరువు సహాయము కొరకు క్రైస్తవులైరను మాట రాకూడదని ఆయన ఇయ్యలేదు. కరువు పని ముగియువరకు, నెలల తరబడి ఆగెను. సహాయము ఆగిన తరువాతను వారు విడువక అడిగిరి. అప్పుడే ఏటి ఒడ్డున చేర్చుకొనిరి. ఆ 2,222 మందిని బోధకులు ప్రశ్నించి, పేరు పేరున ఎంచి నీటిలోనికి నడిపించిరి. చూచితిరా? ఆ ఒక్క దినము వెనుక ఏండ్ల కాలినడక ఉన్నది, మూడు నియమములు ఉన్నవి, నెలల నిరీక్షణ ఉన్నది. మనము ఆ దినమును కోరుచున్నాము. ఆ ఏండ్లను కోరుట లేదు.

పెన్నీ వసూలు నేర్పిన పాఠము

ఇంగ్లండు దేశపు జాన్ వెస్లీ సంగతి వినుడి. ఆయన బోధ వినుటకు వేలకొలది జనులు బయలు ప్రదేశములలో కూడిరి. అంతటి ప్రసంగీకుడు ప్రసంగముతోనే తృప్తిపడి యుండవచ్చును. కాని 1742లో బ్రిస్టల్ పట్టణములో మందిరపు అప్పు తీర్చుటకు ఒక యుక్తి పన్నబడెను. ఒక్కొక్కరు వారమునకు ఒక పెన్నీ ఇయ్యవలెను. పన్నెండుమందికి ఒక నాయకుడు ఉండి, ఇంటింటికి వెళ్లి దానిని వసూలు చేయవలెను. నాయకులు ఇండ్లకు వెళ్లినప్పుడు అప్పు సంగతి కంటె పెద్ద సంగతులు బయటపడెను. ఒక యింట త్రాగుడు, ఒక యింట కొట్లాట, ఒక యింట ప్రార్థన లేమి. వెస్లీకి కన్నులు తెరువబడెను. ఆ వసూలు గుంపులే ఆత్మల కాపుదలకు తరగతులుగా మారెను. వారము వారము కూడి, నీ ప్రాణము ఎట్లున్నదని ఒకరినొకరు అడుగుకొనిరి.

తరువాత 1763లో వేల్స్ దేశపు పెంబ్రోక్‌షైర్ ప్రాంతమును చూచి ఆయన తన దినచర్యలో దుఃఖముతో వ్రాసికొనెను. అక్కడ ఏండ్ల తరబడి ప్రసంగములు జరిగెను గాని, క్రమమైన సంఘములు, శిక్షణ లేకపోవుటచేత, మేల్కొన్నవారిలో అత్యధికులు మునుపటికంటె గాఢముగా నిద్రించుచుండిరి. మేల్కొలిపి విడిచిపెట్టుట, బిడ్డలను కని హంతకునికి అప్పగించినట్లేనని ఆయన భావము. మెదకు ప్రాంతపు సంఘములకు ఆ వెస్లీ వారసత్వము దక్కినది. తక్కిన మనకును ఆ పాఠము అక్కరలేనిది కాదు. పల్లెలో పన్నెండు కుటుంబములకు ఒక పెద్ద, వారమునకు ఒక్కసారి ఇంటింటి దర్శనము. దీనికి మైకు అక్కరలేదు, పందిరి అక్కరలేదు, దూరమునుండి ప్రసంగీకుడు అక్కరలేదు. అందుకే గాబోలు దీనియందు మనకు ఆసక్తి లేదు!

చట్టము మూయలేని తలుపు

త్రాగుడును గూర్చి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరములు నేర్చుకొన్న రాత్రిబడినుండి లేచి సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట పాకెను. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ తల్లుల ధైర్యమునకు నేను నమస్కరించుచున్నాను. వారు చేసినది న్యాయము. కాని ఆ ఐదేండ్ల చరిత్ర ఒక సత్యమును నేర్పుచున్నది. ప్రభుత్వము దుకాణపు తలుపు మూయగలదు, మరల తెరువగలదు. మనుష్యుని నోటి తలుపు లోపలినుండి మాత్రమే మూయబడును.

దినమునకు 100 రూపాయలు త్రాగువాడు సంవత్సరమునకు 36,500 రూపాయలు త్రాగుచున్నాడు. అది బిడ్డ చదువు, ఇంటి కప్పు, భార్య మందులు. ఇట్టివాడు కూటములలో సాక్ష్యము చెప్పి, ప్రభువు నన్ను మార్చెనని కన్నీరు కార్చినప్పుడు మనము చప్పట్లు కొట్టి పంపివేయుచున్నాము. మరుసటి సాయంకాలము ఆరు గంటలకు అతని ప్రక్కన నడచి, ఆ దుకాణమును దాటించి ఇంటివరకు తోడు వచ్చువాడు ఒక్కడైన ఉన్నాడా? నలువది సాయంకాలములు అట్లు తోడుగా నడచిన సహోదరుడు నలువది ప్రసంగములకంటె ఎక్కువ పని చేయును.

తీరిక లేదనువారికి

"మేము కూలి చేసికొని బ్రదుకువారము, తెల్లవారకముందే పొలమునకు పోవుదుము, మాకు తీరిక ఎక్కడిది?" అని కొందరందురు. ఈ మాటను నేను తేలికగా త్రోసివేయను. నాట్ల కాలములో స్త్రీల నడుములు ఎట్లుండునో నాకు తెలియును. కాని లెక్క చూచుకొందము. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయములు ఉన్నవి. వారమునకు ఐదు దినములు, దినమునకు ఒక్క అధ్యాయము చదివినయెడల 52 వారములలో అది సరిగా ముగియును. ఒక్క అధ్యాయమునకు సాధారణముగా పది నిమిషములు చాలును. చదువురాని తల్లికి బడికి పోవు బిడ్డ చదివి వినిపించవచ్చును. దానివలన ఇద్దరికిని మేలు. పది నిమిషములు లేని యింటిలో, రాత్రి పదకొండు గంటలవరకు సెల్ ఫోను వెలుగుచున్నది గదా!

ఫోను పాపమని నేను చెప్పను. దానియందు వాక్యము వినవచ్చును. కాని దినమునకు ఐదుగురి ప్రసంగములు ఫోనులో విని, ప్రక్క యింటి విధవరాలు మూడు దినములుగా జ్వరముతో పండుకొనియున్నదని తెలియనివాడు ఏ సంఘములో సభ్యుడు? వినుట సులభము. మధ్యలో ఆపవచ్చును, నచ్చనిదానిని దాటవేయవచ్చును. వాక్యమునకు లోబడుట అట్టిది కాదు.

కొరింథు పట్టణము యొద్ద రెండేండ్లకు ఒకసారి ఇస్త్మియా ఆటలు జరిగెడివి. పౌలు ఆ పట్టణపు విశ్వాసులకు వ్రాయుచు, మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయములో పందెగాండ్రను సాదృశ్యముగా చూపెను. గ్రీసు దేశపు ఒలింపియాలో పోటీకి వచ్చువారు పది నెలలు నియమము తప్పక సాధన చేసితిమని ప్రమాణము చేయవలసియుండెను. అంత శ్రమకు ఫలము ఏది? వాడిపోవు ఆకుల కిరీటము! నేడును మన పల్లె కుర్రవాడు పోలీసు ఉద్యోగ పరీక్షకై తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి రోడ్డుమీద పరుగెత్తుచున్నాడు. తల్లి గ్రుడ్డు ఉడికించి పెట్టుచున్నది. ఎవరును వానిని చూచి ధర్మశాస్త్రమని అనుట లేదు. వాడని కిరీటము కొరకు అరగంట ముందు లేవుమన్నప్పుడు మాత్రము మనకు కృప జ్ఞాపకమునకు వచ్చుచున్నది!

రెండవ ప్రక్క గుంట

ఇంతవరకు ఒక ప్రక్క గుంటను చూపితిని. బాటకు రెండవ ప్రక్కను గుంట ఉన్నది. వారమునకు రెండుమారులు ఉపవాసము చేసి, దానిని దేవునికే లెక్క చెప్పిన పరిసయ్యుడు నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి పోలేదు. నలువది దినముల ఉపవాసము చేసి ఆ సంగతి ఊరంతట చాటువాడు, వేకువ ప్రార్థన చేసి రానివారిని చులకనగా చూచువాడు, తన క్రమశిక్షణను భార్యాబిడ్డల వీపులమీద చూపువాడు, వీరు సాధకులు కారు. గర్వమునకు క్రొత్త బట్టలు కుట్టించుకొన్నవారు. ఆశానిగ్రహము మొదట అదుపు చేయవలసినది ఇతరులను కాదు, తన్నునే. ఉపవాసమున్నప్పుడు తల అంటుకొని ముఖము కడుగుకొనుమని ప్రభువు చెప్పినది ఇందుకే. మన సాధన దేవుని ప్రేమను కొనుటకు ఇచ్చు వెల కాదు. కొనబడినవారము గనుక చేయు సేవ అది.

మన తల్లులు ఈ సంగతిని మనకంటె బాగుగా ఎరిగియుండిరి. అన్నము వండుటకు బియ్యము కొలిచినప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసిరి. తిండికి చాలని దినమునను వేసిరి. ఆదివారము ఆ బియ్యమును సంఘమునకు తెచ్చిరి. ఎవరును వారి పేరు మైకులో చదువలేదు. ఆ పిడికెళ్లతో ఎన్నో పల్లెలలో ఉపదేశి పోషింపబడెను, మందిరపు గోడలు లేచెను. దినదినము, చిన్నది, రహస్యమైనది, కడుపును కొంచెము కాదనుకొన్నది. ఆశానిగ్రహమునకు ఇంతకంటె మంచి నిర్వచనమును నేను చదివిన వేదాంత గ్రంథములలో చూడలేదు.

ఇక చేయవలసినది

సంఘ పెద్దలారా, తోటి కాపరులారా, ఈ సంవత్సరము కూటములకు మూడు రాత్రులు నిర్ణయించినయెడల, ఒక రాత్రి తగ్గించుడి. ఆ మిగిలిన ఖర్చుతో చదువగలిగిన ప్రతి యింటికి ఒక క్రొత్త నిబంధన ఇయ్యుడి. కూటములు ముగిసిన మరునాటినుండి నలువది దినములు పన్నెండేసి కుటుంబములకు ఒక పెద్దను నియమించి, వారము వారము దర్శించుడి. నలువదియవ దినమున లెక్క వ్రాయుడి: ఎన్ని యిండ్లలో ప్రార్థన నిలిచినది, ఎందరు త్రాగుడు మానిరి, ఎన్ని తగవులు తీరినవి. ఆ లెక్క చిన్నదైనను సిగ్గుపడకుడి. అది నిజమైన లెక్క.

ఇంటి యజమానులారా, ప్రార్థన స్త్రీల పనియని అనుకొనకుడి. రాత్రి భోజనమునకు ముందు మీరే బైబిలు తీయుడి. ఒక అధ్యాయము, ఒక పాట, ఒక చిన్న ప్రార్థన చాలును. ముందురోజు భార్యను దూషించిన నోటితో ప్రార్థన మొదలుపెట్టుటకు నాలుక తడబడును. ఆ తడబాటే మీకు మొదటి మేలు. ముందు ఆమెను క్షమాపణ అడుగుడి. తరువాత పుస్తకము తెరువుడి.

తల్లులారా, పిడికెడు బియ్యపు కుండను మరల పొయ్యి ప్రక్కకు తెండు. బిడ్డలచేత దానిలో వేయించుడి. మొక్కై వంగనిది మానై వంగదు.

యౌవనులారా, తెల్లవారు అరగంటను ఫోనుకు గాక ప్రభువునకు ఇయ్యుడి. వారమునకు ఒక్క పూట భోజనము మాని, ఆ డబ్బును ఆకలిగొన్న ఒకరికి, ఎవరికిని తెలియకుండ ఇయ్యుడి.

తప్పిన దినములు ఉండును. మూడు దినములు చేసి నాలుగవ దినము మరచినవాడు, ఇక నావల్ల కాదని పుస్తకము మూయకూడదు. కట్టకు గండి పడినప్పుడు రైతు చెరువును అమ్ముకొనడు. ఆ గండిని ఆ దినమే పూడ్చును. ఐదవ దినమున మరల మొదలుపెట్టుడి. మనము ఆరంభశూరులమను నింద మన జాతికి ఏనాటినుండియో ఉన్నది. ఆ నింద సంఘమునుండియైన తొలగవలెను. మనలో సత్క్రియను ఆరంభించినవాడు దానిని కొనసాగించువాడని నమ్మి, మన వంతు పార మనము పట్టుకొందము.

పందిళ్లు మరల లేచును, మైకులు మరల మ్రోగును, మంచిదే. అయితే ప్రియ చదువరీ, ఈ పత్రిక నీ చేతికి వచ్చిన వారములో ఒక సోమవారము రాబోవుచున్నది. ఆ దినమున నీ యిల్లు ప్రభువునకు ఏమని సాక్ష్యమిచ్చును? ఆయన కృప నిన్ను ఆ ఉదయమున లేపునుగాక. ఆమేన్.